పిస్తోలు తూటాల రీలోడింగ్ ప్రెస్సు

పిస్తోలు తూటాల రీలోడింగ్ ప్రెస్సు అనగా, ఒకసారి పేల్చిన తూటా యొక్క ఖాళీ ఇత్తడి తొడుగును మళ్ళీ సరైన కొలతకు తెచ్చి, అందులో కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చడానికి ఉపయోగించే చేతి యంత్రం. ఈ పనిని రీలోడింగ్ లేదా హ్యాండ్‌లోడింగ్ అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పిస్తోలు గురిపోటీలలో పాల్గొనేవారిలో చాలామందికి ఇది అలవాటైన వ్యాసంగం.

ఈ ప్రెస్సులు ప్రధానంగా మూడు రకాలు. అవి సింగిల్ స్టేజ్, టరెట్, ప్రోగ్రెసివ్. అంగడిలో వీటిని గంటకు ఎన్ని తూటాలు తయారవుతాయన్న లెక్కతో పోల్చడం పరిపాటి. అయితే మొదటిసారి ప్రెస్సు కొనేవారికి అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: మీట ఒకసారి లాగినప్పుడు ఎన్ని పనులు జరుగుతాయి, వాటిలో ఎన్నింటిని మనిషి కన్ను గమనించగలదు? మందు పడని తూటా, రెండుసార్లు మందు పడిన తూటా చూడటానికి మంచి తూటాలాగే ఉంటాయి. వాటి వలన పిస్తోలు పగిలి కాల్చేవారి చేతికి, కంటికి గాయం కావచ్చు. కనుక మొదటి ప్రెస్సు ఎంపికలో వేగం కన్నా తనిఖీకి వీలును ముందు చూడవలసి ఉంటుంది.

తూటాలోని భాగాలు

తెలుగులో వాడుకలో ఉన్న "మందుగుండు" అనే మాటలోనే తూటాలోని రెండు ముఖ్య భాగాలు ఉన్నాయి. ఆధునిక పిస్తోలు తూటాలో మొత్తం నాలుగు భాగాలు ఉంటాయి.

* తొడుగు: మిగిలిన మూడింటిని పట్టి ఉంచే గొట్టం. సాధారణంగా ఇత్తడితో చేస్తారు. పేలినప్పుడు ఇది సాగి గది గోడలకు అతుక్కొని, వాయువులు వెనుకకు రాకుండా అడ్డుకుంటుంది. నాలుగు భాగాలలో తిరిగి వాడదగినది ఇదొక్కటే.
* ప్రైమరు: తొడుగు అడుగున ఉండే చిన్న లోహపు గిన్నె. పిస్తోలు సూది తగిలినప్పుడు ఇది నిప్పు పుట్టిస్తుంది.
* మందు: పొగ తక్కువగా వచ్చే నైట్రోసెల్యులోజ్ ఆధారిత పదార్థం. ఇది వేగంగా కాలి వాయువులుగా మారి గుండును తోస్తుంది.
* గుండు: గొట్టం నుండి వెలువడి లక్ష్యాన్ని తాకే భాగం. సీసంతో గాని, సీసంపై రాగి మిశ్రమపు పూతతో గాని చేస్తారు.

మందు, గుండు బరువులను గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను సుమారు 64.8 మిల్లీగ్రాములు. పిస్తోలు తూటాలో పట్టే మందు కొద్ది గ్రెయిన్లు మాత్రమే కనుక, ఒక గ్రెయిను తేడా కూడా పెద్ద తేడాయే.

అన్ని తూటాలనూ రీలోడ్ చేయడం వీలుకాదు. .22 వంటి రిమ్‌ఫైర్ తూటాలలో విడిగా ప్రైమరు ఉండదు. పేలుడు పదార్థం తొడుగు అంచు మడతలోనే ఉంటుంది. సూది తగిలి అంచు నలిగిపోతుంది కాబట్టి ఆ తొడుగు మళ్ళీ పనికిరాదు. మధ్యలో ప్రైమరు గల సెంటర్‌ఫైర్ తూటాలలోనూ రెండు పద్ధతులు ఉన్నాయి. బాక్సర్ పద్ధతిలో తొడుగు అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉండటం వలన, లోపలి నుండి ఒక కడ్డీతో పాత ప్రైమరును సులభంగా బయటకు తోయవచ్చు. బెర్డాన్ పద్ధతిలో సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు పక్కలకు ఉంటాయి. అందుచేత ఆ కడ్డీ పనిచేయదు. ఈ రెండు పద్ధతులు 1860వ దశకానికి చెందినవి. బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి, బెర్డాన్ అమెరికన్. అయినా అమెరికాలో బాక్సర్ పద్ధతి, ఐరోపాలో బెర్డాన్ పద్ధతి వ్యాపించడం ఒక విశేషం. అమెరికాలో ఇంటి రీలోడింగ్ విస్తరించడానికి బాక్సర్ ప్రైమరు కూడా ఒక కారణం.

చరిత్ర

లోహపు తొడుగు గల తూటాలు వచ్చిన కొత్తలో వాటి ధర ఎక్కువ, దొరికే చోట్లు తక్కువ. అందువలన 19వ శతాబ్దం చివరి నాటికే చేతితో తూటాలు నింపే పనిముట్లు వెలువడ్డాయి. 1884లో జాన్ బార్లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఐడియల్ సంస్థను స్థాపించి, పట్టకారు ఆకారంలో ఉండే పనిముట్లను విక్రయించాడు. 1925లో ఈ వ్యాపారం లైమన్ సంస్థ చేతికి వచ్చింది.

పట్టకారు పనిముట్టుకు చేతిబలం ఎక్కువ కావాలి. బల్లకు బిగించిన మీట గల ప్రెస్సు ఈ ఇబ్బందిని తీర్చింది. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఆర్.సి.బి.ఎస్. సంస్థను ప్రారంభించాడు. జాయిస్ హార్నడీ 1949లో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో గుండ్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ సంస్థ తరువాత ప్రెస్సులను కూడా తయారు చేసింది. 1958లో రిచర్డ్ లీ ప్రవేశపెట్టిన లీ లోడర్ సుత్తితో కొట్టి వాడే చవకైన పరికరం. విస్కాన్సిన్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న లీ సంస్థ తక్కువ ధర ప్రెస్సులకు ప్రసిద్ధి పొందింది.

ఒక్క మీటతో అనేక పనులు జరిపే ప్రోగ్రెసివ్ యంత్రాలు రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ఉన్నా, వాటిని ఎక్కువగా పోలీసు శాఖలు, షూటింగ్ క్లబ్బులు వాడేవి. మైక్ డిల్లన్ స్థాపించిన అరిజోనాకు చెందిన డిల్లన్ సంస్థ 1980వ దశకంలో ఆర్.ఎల్. 550 వంటి నమూనాలతో ఈ యంత్రాలను సాధారణ పోటీదారుల బల్లలపైకి తెచ్చింది. 1976లో ఐ.పి.ఎస్.సి., 1984లో దాని అమెరికా శాఖ యు.ఎస్.పి.ఎస్.ఎ. ఏర్పడి, వేగంగా ఎక్కువ తూటాలు కాల్చే పోటీలు పెరగడం కూడా ఇందుకు తోడ్పడింది.

రీలోడింగ్ ప్రయోజనాలు

మొదటి ప్రయోజనం పొదుపు. తూటా ధరలో గణనీయమైన భాగం ఇత్తడి తొడుగుదే. తక్కువ పీడనంతో కాల్చే పిస్తోలు తొడుగులు అనేక పర్యాయాలు పనికివస్తాయి. అయితే తూటాలు చౌకగా తయారైనందున చాలామంది మునుపటి కంటె ఎక్కువగా కాలుస్తారు; మొత్తం ఖర్చు తగ్గకపోవచ్చు.

రెండవది, పోటీకి తగిన తూటాను స్వయంగా రూపొందించుకొనే వీలు. యు.ఎస్.పి.ఎస్.ఎ. పోటీలలో "పవర్ ఫ్యాక్టర్" అనే లెక్క ఉంది. గ్రెయిన్లలో గుండు బరువును, సెకనుకు అడుగులలో దాని వేగంతో గుణించి 1,000తో భాగించాలి. మైనర్ వర్గానికి ఇది కనీసం 125, మేజర్ వర్గానికి 165 ఉండాలి. ఉదాహరణకు 124 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,050 అడుగుల వేగంతో వెళితే ఫలితం 130.2. రీలోడ్ చేసేవారు కనీస పరిమితికి కొంచెం పైన ఉండేలా తూటాను రూపొందించి, పిస్తోలు ఎదురుదెబ్బను తగ్గించుకుంటారు.

తూటా తయారీ క్రమం

ప్రెస్సు ఏ రకమైనా జరిగే పనులు ఇవే. వీటి క్రమం తెలిస్తే ప్రెస్సుల మధ్య తేడా సులభంగా బోధపడుతుంది.

1. పరిశీలన, శుభ్రత: పగుళ్ళు, ఉబ్బులు ఉన్న తొడుగులను ఏరివేసి మిగిలినవాటిని శుభ్రపరుస్తారు.
2. కొలత సరిచేయుట: పేలినప్పుడు సాగిన తొడుగును డై అనే ఉక్కు అచ్చులోకి నెట్టి మునుపటి వ్యాసానికి తెస్తారు. అదే సమయంలో పాత ప్రైమరు బయటకు వస్తుంది.
3. కొత్త ప్రైమరు అమర్చుట: ఇది తొడుగు అడుగుమట్టానికి కొద్దిగా లోపలికి కూర్చోవాలి.
4. మూతి వెడల్పు చేయుట: గుండు సులభంగా దిగడానికి తొడుగు మూతిని స్వల్పంగా విప్పుతారు.
5. మందు పోయుట: రీలోడింగ్ గ్రంథంలో ఆ గుండుకు, ఆ మందుకు ఇచ్చిన పరిమాణాన్ని మాత్రమే పోయాలి.
6. గుండు అమర్చుట: గుండును నిర్ణీత లోతుకు దించుతారు. మరీ లోపలికి దిగితే మందుకు చోటు తగ్గి పీడనం పెరుగుతుంది.
7. మూతి బిగించుట: విప్పిన మూతిని మళ్ళీ బిగిస్తారు. 9 మి.మీ. లూగర్, .45 ఎ.సి.పి. తూటాలు గదిలో తొడుగు మూతి అంచుపైనే ఆగుతాయి కనుక మూతిని లోపలికి ముడవరాదు. ఏటవాలుగా కొద్దిగా నొక్కితే చాలు. .38 స్పెషల్ వంటి రివాల్వరు తూటాలు అడుగు అంచుపై ఆగుతాయి కాబట్టి మూతిని గుండు గాడిలోకి ముడవవచ్చు.

పిస్తోలు డైలలో చాలావాటికి కార్బైడ్ వలయం ఉంటుంది. తిన్నని గోడలు గల తొడుగులకు దీనితో నూనె పూయవలసిన అవసరం ఉండదు. రైఫిల్ తూటాల కంటె పిస్తోలు తూటాలతో రీలోడింగ్ నేర్చుకోవడం తేలిక కావడానికి ఇదొక కారణం.

ప్రెస్సులలో రకాలు

సింగిల్ స్టేజ్ ప్రెస్సు

ఇందులో ఒక సమయంలో ఒకే డై ఉంటుంది. బలమైన చట్రం, క్రింద తొడుగును పట్టుకొనే షెల్ హోల్డరు, దానిని పైకి నెట్టే స్తంభం, ఒక మీట దీని భాగాలు. మొదట అన్ని తొడుగుల కొలత సరిచేసి, తరువాత డై మార్చి అన్నింటి మూతులు విప్పి, ఈ విధంగా జట్టు జట్టుగా పని సాగుతుంది. నాలుగు డైల సెట్టుతో 100 తూటాలకు 400 సార్లు మీట లాగాలి. ప్రతి తొడుగును నాలుగుసార్లు పెట్టి తీయాలి. మందు పోయడం ప్రెస్సుకు బయట, విడిగా జరుగుతుంది. అలవాటైనవారు గంటకు సుమారు 50 నుండి 100 తూటాలు చేయగలరు.

ఈ నిదానంలోనే దీని గొప్ప సౌకర్యం ఉంది. మందు పోసిన 50 తొడుగులను రంధ్రాల పలకలో వరుసగా నిలబెట్టి, టార్చి వెలుగులో పైనుండి ఒక్కసారి చూస్తే ఖాళీ తొడుగు, ఎక్కువ నిండిన తొడుగు మిగతావాటి నడుమ వెంటనే కనబడతాయి.

టరెట్ ప్రెస్సు

ఇందులో తిరిగే పలకపై అన్ని డైలూ ఒకేసారి బిగించి ఉంటాయి. తొడుగు ఒకేచోట ఉంటుంది. డైలు ఒకదాని తరువాత ఒకటి దానిపైకి వస్తాయి. తూటాకు నాలుగుసార్లు మీట లాగడం తప్పదు గాని, తొడుగును ఒక్కసారి పెట్టి తూటాగా తీయవచ్చు. డైలను మార్చి మార్చి బిగించే శ్రమ తప్పుతుంది. లీ సంస్థ క్లాసిక్ టరెట్‌లో పలక మీటతో పాటు తానే తిరుగుతుంది. రెడ్డింగ్ సంస్థ టి-7లో ఏడు స్థానాలు ఉన్నాయి. పలకను చేతితో తిప్పాలి. వేగం గంటకు సుమారు 150 నుండి 200 వరకు ఉంటుంది. ఒక సమయంలో ఒకే తూటా తయారవుతుంది కాబట్టి, గుండు పెట్టే ముందు ప్రతి తొడుగులోకి చూసే అవకాశం ఉంటుంది.

ప్రోగ్రెసివ్ ప్రెస్సు

ఇందులో డైలు స్థిరంగా ఉంటాయి; షెల్ ప్లేటు అనే చక్రంపై నాలుగైదు తొడుగులు ఒకేసారి తిరుగుతాయి. మీట ఒకసారి లాగితే ఒక తొడుగు కొలత సరి అవుతుంది, మరొకదానిలో మందు పడుతుంది, ఇంకొకదానిలో గుండు దిగుతుంది, చివరిదాని మూతి బిగుస్తుంది. నాలుగు స్థానాల యంత్రంలో చక్రం నిండిన తరువాత ప్రతి లాగుకూ ఒక తూటా వస్తుంది కనుక, 100 తూటాలకు 103 లాగులు చాలు. గంటకు 400 లేదా అంతకు మించి తూటాలు చేయవచ్చు.

చక్రం తిరిగే తీరును బట్టి వీటిలో రెండు విధాలు ఉన్నాయి. డిల్లన్ ఆర్.ఎల్. 550 వంటి వాటిలో చక్రాన్ని చేతితో తిప్పాలి. మధ్యలో ఎవరైనా పిలిచి ధ్యాస మళ్ళితే, తిప్పడం మరచి మళ్ళీ మీట లాగి ఒకే తొడుగులో రెండుసార్లు మందు పోసే ప్రమాదం ఉంది. డిల్లన్ ఎక్స్.ఎల్. 750, హార్నడీ లాక్-ఎన్-లోడ్ ఎ.పి. వంటి వాటిలో చక్రం తానే తిరుగుతుంది. ఈ మరపునకు వాటిలో తావు తక్కువ. అయితే ఎక్కడైనా తొడుగు ఇరుక్కొని మీటను సగంలో వెనుకకు ముందుకు ఆడించినప్పుడు, ఏ తొడుగులో మందు పడింది, ఏ దానిలో పడలేదన్న సంగతి తెలియకుండా పోతుంది. అటువంటప్పుడు చక్రంపై ఉన్న తొడుగులన్నింటినీ తీసివేసి, మందును వెనుకకు పోసి, మొదటి నుండి ప్రారంభించడం సురక్షితం.

రెండు ముఖ్య ప్రమాదాలు

మందు పడని తూటా: తూటాలో మందు లేకపోయినా ప్రైమరు ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టగలదు. గుండు అక్కడే ఇరుక్కుంటుంది. శబ్దం చాలా తక్కువగా, ఎదురుదెబ్బ లేనట్లుగా ఉంటుంది. ఇది గమనించక మరొక తూటా పేల్చితే గొట్టం ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. స్వయంచాలక పిస్తోలులో ఇటువంటి తూటాకు యంత్రాంగం సాధారణంగా కదలదు కనుక కాల్చేవారికి కొంత హెచ్చరిక దొరుకుతుంది. రివాల్వరులో మాత్రం మళ్ళీ మీట నొక్కగానే తరువాతి తూటా సిద్ధమవుతుంది. శబ్దంలో ఏ తేడా వినిపించినా కాల్పులు ఆపి, ఆయుధాన్ని ఖాళీ చేసి, గొట్టాన్ని పరీక్షించాలి.

రెండింతలు మందు పడిన తూటా: దీని ప్రమాదం తొడుగు పరిమాణాన్ని బట్టి మారుతుంది. ఇందుకు .38 స్పెషల్ మంచి ఉదాహరణ. 19వ శతాబ్దం చివర, నల్లమందు ఇంకా వాడుకలో ఉన్న కాలంలో వచ్చిన తూటా ఇది. ఎక్కువ చోటు ఆక్రమించే నల్లమందుకు తగినట్లు దీని తొడుగు పొడవు సుమారు 29.3 మి.మీ. ఉంటుంది. 9 మి.మీ. లూగర్ తొడుగు పొడవు 19.15 మి.మీ. మాత్రమే. అయితే అమెరికా తయారీదారుల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ పీడనం 9 మి.మీ. లూగర్‌కు చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .45 ఎ.సి.పి.కి 21,000 పౌండ్లు కాగా, .38 స్పెషల్‌కు 17,000 పౌండ్లే. అనగా పెద్ద తొడుగు, తక్కువ పీడనం. నేటి వేగంగా కాలే మందు ఈ తొడుగులో అడుగున కొద్దిగా మాత్రమే కనబడుతుంది. పొరపాటున రెండింతలు పడినా బయటకు పొర్లదు. గుండు అమర్చిన తరువాత తెలుసుకొనే మార్గం దాదాపు లేదు. తూటాను తూచి కనుగొనవచ్చుననే ఆలోచన కూడా నమ్మదగినది కాదు. తొడుగుల, గుండ్ల బరువులలోని సహజమైన తేడాలు కొద్ది గ్రెయిన్ల మందు తేడాను కప్పివేయగలవు.

ఈ కారణంగా కొత్తవారికి తొడుగులో సగానికి పైగా నిండే మందును ఎంచుకోవాలని సలహా ఇస్తారు. అటువంటి మందు రెండింతలు పడితే పొర్లిపోయి తప్పు తానే బయటపడుతుంది. ఐదు స్థానాల ప్రోగ్రెసివ్ ప్రెస్సులో మందు మట్టాన్ని పరీక్షించే డైకి ఒక స్థానం కేటాయించవచ్చు. ఆర్.సి.బి.ఎస్. లాకౌట్ డై మందు మట్టం తేడాగా ఉంటే ప్రెస్సు కదలికనే ఆపివేస్తుంది. ఇవి కంటి పరీక్షకు తోడ్పడతాయి. దానికి బదులు కావు.

మొదటి ప్రెస్సు ఎంపిక

నెలకు కాల్చే తూటాల సంఖ్య

మొదట వేయవలసిన లెక్క ఇది. నెలకు 100 నుండి 200 తూటాలు కాల్చేవారికి సింగిల్ స్టేజ్ ప్రెస్సుపై మూడు నాలుగు గంటల పని సరిపోతుంది. నెలకు 300 నుండి 600 వరకు కాల్చేవారికి టరెట్ ప్రెస్సు అనువైనది. ప్రతివారం పోటీలకు వెళ్ళి నెలకు 1,000 తూటాలు వాడేవారికి సింగిల్ స్టేజ్‌పై గంటకు 60 చొప్పున దాదాపు 17 గంటలు పడుతుంది. అదే పని ప్రోగ్రెసివ్‌పై గంటకు 400 చొప్పున రెండున్నర గంటలలో ముగుస్తుంది. విసుగుతోను అలసటతోను చేసే పనిలో కూడా తప్పులు దొర్లుతాయి కనుక, ఎక్కువ కాల్చేవారికి నిదానమైన యంత్రమే సురక్షితమని చెప్పలేము.

అయితే ప్రోగ్రెసివ్‌తోనే ప్రారంభించేవారు మొదటి కొన్ని వందల తూటాలను చక్రంపై ఒక సమయంలో ఒకే తొడుగు ఉంచి చేయడం మంచిది. అప్పుడది టరెట్ ప్రెస్సు వలె పనిచేస్తుంది. ప్రతి స్థానంలో ఏమి జరుగుతోందో చేతికి, కంటికి తెలిసిన తరువాత చక్రాన్ని నింపవచ్చు.

తూటా రకాల సంఖ్య

ఒకే రకం తూటాను ఎక్కువ సంఖ్యలో చేసేవారికి ప్రోగ్రెసివ్ లాభదాయకం. మూడు నాలుగు రకాలను కొద్ది కొద్దిగా చేసేవారికి ప్రతిసారీ షెల్ ప్లేటు, డైలు, మందు కొలత మార్చడం భారమవుతుంది. మార్పిడి భాగాల ఖర్చు కూడా తోడవుతుంది. టరెట్ ప్రెస్సుకు ప్రతి తూటా రకానికి ఒక పలక కొని డైలను అలాగే ఉంచుకోవచ్చు.

డైల ప్రమాణం

ఎక్కువ ప్రెస్సులు 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు గల డైలను స్వీకరిస్తాయి. ఈ ప్రమాణం పాటించే ప్రెస్సుకు ఏ సంస్థ డైనైనా బిగించవచ్చు. డిల్లన్ స్క్వేర్ డీల్ బి వంటి కొన్ని నమూనాలకు వాటి సొంత డైలే కావాలి. వాడిన ప్రెస్సును కొనేటప్పుడు ఈ విషయం ముందుగా చూసుకోవాలి.

చట్రం

చుట్టూ మూసి ఉండే "ఓ" ఆకారపు చట్రం బలానికి వంగదు. ముందువైపు తెరచి ఉండే "సి" ఆకారపు చట్రంలో తొడుగులు పెట్టి తీయడం సులభం. పిస్తోలు తొడుగులకు పెద్ద బలం అవసరం లేదు కనుక రెండూ పనికివస్తాయి. మున్ముందు రైఫిల్ తూటాలు కూడా చేయదలచినవారు పోత ఇనుముతో చేసిన "ఓ" చట్రాన్ని ఎంచుకుంటారు.

ప్రైమరు అమరిక, చూపు, వెలుగు

ప్రైమరు పరిమాణాన్ని సులభంగా మార్చగలిగే ఏర్పాటు ఉండాలి. 9 మి.మీ. లూగర్, .38 స్పెషల్ తొడుగులకు చిన్న ప్రైమరు; .45 ఎ.సి.పి.కి సాంప్రదాయికంగా పెద్దది. అయితే చిన్న ప్రైమరు గల .45 తొడుగులు కూడా వస్తున్నందున వాటిని ముందే వేరుచేయాలి. అలాగే, కూర్చున్న లేదా నిలబడిన చోటి నుండి మందు పడిన తొడుగులోకి మెడ వంచకుండా చూడగలగాలి. ఆ చోట చిన్న దీపం అమర్చుకొనే వీలు ఉన్న ప్రెస్సు మేలు.

తరువాతి ఉపయోగం

సింగిల్ స్టేజ్ ప్రెస్సు కొన్నవారు తరువాత ప్రోగ్రెసివ్‌కు మారినా మొదటిది వృథా కాదు. పాత ప్రైమర్లు తీయడానికి, తప్పుగా చేసిన తూటాల గుండ్లను ఊడదీయడానికి, కొత్త మందుతో పది పదిహేను తూటాలు పరీక్షగా చేయడానికి అది బల్లపైనే ఉంటుంది.

ప్రెస్సుతో పాటు కావలసినవి

ప్రెస్సు ధర మొత్తం ఖర్చులో ఒక భాగం మాత్రమే. త్రాసు, దానిని సరిచూడటానికి తెలిసిన బరువులు, మందు కొలిచే పరికరం, వెర్నియర్ కాలిపర్, డైల సెట్టు, రంధ్రాల పలక, గుండ్లను ఊడదీసే సుత్తి, తొడుగులు శుభ్రపరిచే యంత్రం, కంటి అద్దాలు అవసరం. ప్రెస్సును కదలని బరువైన బల్లకు బోల్టులతో బిగించాలి. బల్ల ఊగితే మందు కొలతలో తేడాలు వస్తాయి.

అన్నింటికంటె ముందు కొనవలసినది రీలోడింగ్ గ్రంథం. లైమన్, హార్నడీ వంటి సంస్థలు వీటిని ప్రచురిస్తాయి. ఒక్కొక్క గుండుకు, మందుకు ప్రారంభ పరిమాణం, గరిష్ఠ పరిమాణం, తూటా మొత్తం పొడవు వీటిలో ఉంటాయి. ప్రారంభ పరిమాణం నుండి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వెళ్ళాలి. నోటిమాటగా విన్న కొలతలను వాడరాదు.

భద్రతా నియమాలు

* బల్లపై ఒక సమయంలో ఒకే రకం మందు డబ్బా ఉండాలి. పని ముగియగానే మందును దాని అసలు డబ్బాలోకి తిరిగి పోయాలి.
* పని చేస్తున్నంతసేపు టెలివిజను, ఫోను, సంభాషణ ఉండరాదు. పని మధ్యలో ఆగితే ఏ దశలో ఆగిందో నిర్ధారించుకున్న తరువాతనే కొనసాగించాలి.
* ప్రైమర్లను అసలు పెట్టెలలోనే ఉంచాలి. సీసాలో గుట్టగా పోస్తే ఒకటి పేలినప్పుడు మిగిలినవన్నీ పేలవచ్చు.
* ప్రైమరు మసిలో సీసం ఉంటుంది. పని తరువాత చేతులు కడగాలి. బల్ల వద్ద తినరాదు, త్రాగరాదు. తొడుగులు శుభ్రపరిచే చోటికి పిల్లలను రానీయరాదు.
* తయారైన పెట్టెపై తేదీ, మందు, పరిమాణం, గుండు వివరాలు వ్రాయాలి. ఒక తూటాలో తప్పు బయటపడితే ఆ జట్టునంతటినీ పక్కకు పెట్టడానికి ఇది అవసరం.

చట్టపరమైన అంశాలు

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు రీలోడ్ చేసుకోవడానికి సమాఖ్య లైసెన్సు అక్కరలేదు. అమ్మకం కొరకు తయారుచేసే వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. రాష్ట్రాల, నగరాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. అక్కడ నివసించే తెలుగువారు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. చదువు, ఉద్యోగం వంటి తాత్కాలిక వీసాలపై ప్రవేశించినవారు తుపాకులను, తూటాలను కలిగి ఉండటాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం విడి తొడుగు, ప్రైమరు, గుండు, మందు కూడా "తూటా" నిర్వచనంలోకే వస్తాయి. శాశ్వత నివాసులకు ఈ నిషేధం వర్తించదు.

భారతదేశంలో పరిస్థితి పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం తూటాల భాగాలను, తూటాలు తయారుచేసే యంత్ర సామగ్రిని సైతం "మందుగుండు" నిర్వచనంలో చేర్చింది. లైసెన్సు లేకుండా తయారీ నేరం. ఆయుధానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారుచేసుకొనే హక్కు రాదు. కనుక ఇక్కడ రీలోడింగ్ ఇంటి వ్యాసంగంగా సాగదు.

ఒలింపిక్ క్రీడలలోని పిస్తోలు పోటీలకు దీని అవసరం కూడా లేదు. 10 మీటర్ల పోటీలో గాలి పిస్తోలు, 25 మీటర్ల పోటీలలో .22 రిమ్‌ఫైర్ తూటాలు వాడతారు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాల్గొన్న 25 మీటర్ల పిస్తోలు పోటీ ఇటువంటిదే. ఒలింపిక్స్‌లో లేకపోయినా ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్థాయిలో ఉన్న 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పిస్తోలు పోటీలో మాత్రం రీలోడ్ చేయదగిన తూటాలు వాడతారు.

ఇవి కూడా చూడండి

* తూటా
* పిస్తోలు
* రివాల్వరు
* తుపాకి మందు
* షూటింగ్ క్రీడలు